హారంలో ఏం వెయ్యాలి: మా మైనరు కాలువ పనితీరు కొలిచిన ఖరీఫ్ డైరీ

జులై చివరి వారం

ప్రశ్న చిన్నదే. మా మైనరు బాగా నడుస్తోందా? నడవకపోతే ఎంతవరకు నడవట్లేదు? దీనికి ఈ ఖరీఫ్‌లో అంకెల్లో జవాబు రాబట్టాలని నేనూ, మా కాలేజీలో స్టాటిస్టిక్స్ చదివే ఇద్దరు పిల్లలూ, సాగునీటి సంఘంలో ఓపికున్న కొందరు రైతులూ కలిసి మొదలుపెట్టాం. పల్నాడు జిల్లాలో నాగార్జునసాగర్ కుడికాలువ కింద ఒక మేజరు (పెద్ద పంపిణీ కాలువ) నుంచి చీలిన మైనరు (చిన్న కాలువ) ఇది. ఊరి పేరు రాయను. నీళ్ళ తగాదాలున్న చోట ఏ తూముకి ఎంత పారిందో పేరు పెట్టి రాస్తే లెక్క పోయి కక్ష మిగులుతుంది. ఇక్కడ చూపించే లెక్కల్లో కూడా పద్ధతి తెలియడానికి గుండ్రటి అంకెలే వేస్తాను, అసలువి సంఘం రిజిస్టరులో ఉంటాయి. ఇంకో సంగతి ముందే చెప్పాలి: మా పొలం రెండో తూము కింద ఉంది. అంటే నేను ఎగువ రైతు కొడుకుని. చదివేవాళ్ళు ఆ మేరకు నన్ను అనుమానించుకోవచ్చు.

మొదటి పనిగా కాలువ జోలికి పోకుండా, "బాగా నడవడం అంటే ఏంటి" అని అందర్నీ అడిగాం. నీటిపారుదల శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారు మైనరు తల దగ్గర ఇవ్వాల్సిన క్యూసెక్కులు ఇచ్చామా లేదా అన్నదే పనితీరు అన్నారు. సంఘం పెద్దలు పూడిక తీసిన పని, షట్టరు రిపేరు, తీరువా (నీటి పన్ను) వసూలు చెప్పారు. మా బాబాయి "పంట చేతికొచ్చిందా లేదా, అంతేగదా" అన్నాడు. చివరి తూము కింద ఎకరన్నర చేసుకునే ఒక పెద్దాయన మాత్రం వేరే మాట చెప్పాడు. "ఎన్నొస్తయ్యో నాకొద్దబ్బాయ్. ఎప్పుడొస్తయ్యో చెప్పు చాలు. రాని నీళ్ళకి రాత్రంతా కూర్చోలేక చస్తన్నాం."

ఏఈ గారు కొలిచేది గేటుని, సంఘం కొలిచేది ఖర్చుని, బాబాయి కొలిచేది తన గాదెని. పెద్దాయన ఒక్కడే మిగతా మనుషుల్ని లెక్కలోకి తీసుకున్నాడు. తనకి నీళ్ళు రావడం, రాకపోవడం పైన ఉన్న ఏడు తూముల వాళ్ళు ఏం చేస్తారన్న దాని మీద ఆధారపడి ఉంది కాబట్టి. మేం కొలవాల్సిందీ అదే అనిపించింది. కాలువ గట్టు సిమెంటుతో కట్టినా, దాన్ని నడిపేది ఎనిమిది తూముల జనం మధ్య ఉన్న ఒప్పందం, భయం, మొహమాటం.

ఆగస్టు, నీళ్ళు వదిలాక

సాగర్ సంగతి తెలియని పిల్లల కోసం ముందు కొంచెం చరిత్ర చెప్పాల్సొచ్చింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967లో కాలువలకి నీళ్ళు వదిలారు. కుడికాలువ పొడవు 203 కిలోమీటర్లు, తల దగ్గర సామర్థ్యం 11,000 క్యూసెక్కులు, కేటాయింపు 132 టీఎంసీలు. ఇవి పాఠ్యపుస్తకాల్లో ఉండేవే. వాటికన్నా మా పనికి ముఖ్యమైంది లోకలైజేషన్. ఏ సర్వే నంబరు తరి (వరి వేసే మాగాణి), ఏది ఆరుతడి (మధ్య మధ్య తడులిస్తే చాలే పంటల భూమి) అని అప్పట్లోనే కాగితం మీద గీశారు. ఆయకట్టులో మూడో వంతు మాత్రమే వరికి, మిగతాది పత్తి, మిర్చి, పప్పుల్లాంటి ఆరుతడి పంటలకి అన్నది లెక్క. ఇప్పుడు ఎగువ తూముల కింద నిలబడి చూస్తే ఆరుతడి అని రాసిన భూమిలోనూ వరే కనిపిస్తుంది. ఈ సంగతి తర్వాత మా లెక్కని తలకిందులు చేస్తుంది.

కొలత పరికరాలంటారా, పెద్దవేం లేవు. ప్రతి తూము దిగువన పంట బోదె (చేలకి నీళ్ళు తీసుకుపోయే చిన్న కాలువ) గోడ మీద సెంటీమీటర్ల గేజీ పెయింటు వేశాం. గోడ లేని చోట సరుగుడు కర్ర పాతాం. వడి కొలవడానికి నిమ్మకాయ. నిమ్మకాయ చాలావరకు మునిగి తేలుతుంది, గాలికి పక్కకి పోదు, ఎవరి ఇంట్లోనైనా దొరుకుతుంది. బోదె తిన్నగా ఉన్న చోట పది మీటర్లు కొలిచి రెండు పుల్లలు గుచ్చి, నిమ్మకాయ వదిలి ఫోనులో సెకన్లు చూడటం. పై నీరు అడుగు నీటికన్నా వేగంగా పోతుంది కాబట్టి వచ్చిన వేగాన్ని 0.8తో గుణించాం.

ఒక లెక్క: బోదె వెడల్పు 60 సెంటీమీటర్లు, నీటి లోతు 15 సెంటీమీటర్లు. నిమ్మకాయ పది మీటర్లు పోవడానికి 25 సెకన్లు. వేగం సెకనుకి 0.4 మీటరు, గుణకం వేస్తే 0.32. అడ్డుకోత 0.09 చదరపు మీటర్లు. గుణిస్తే సెకనుకి దాదాపు 29 లీటర్లు. ఒక క్యూసెక్కు అంటే సెకనుకి 28.3 లీటర్లు కాబట్టి అది ఒక క్యూసెక్కు పారుతున్న బోదె. ఒక క్యూసెక్కు ఇరవైనాలుగు గంటలు పారితే ఇరవైనాలుగు ఎకరాల్లో అంగుళం నీళ్ళు నిలబడతాయి. ఈ మాట చెప్పాక రైతులు మా నిమ్మకాయని చూసి నవ్వడం మానేశారు. అంగుళం, ఎకరం వాళ్ళకి అందే భాష.

వి-నాచ్ పలకలు (మధ్యలో V ఆకారపు గాటు ఉన్నవి) కూడా పెట్టి చూశాం. కొలత కచ్చితంగా వస్తుంది, కానీ నాచు, గుర్రపుడెక్క వచ్చి ఇరుక్కుంటాయి. పైగా పలక పెట్టగానే ఎగువన నీటిమట్టం లేచి గట్టు తెగేట్టు ఉందని గొడవ. తీసేశాం.

సెప్టెంబరు, మొదటి లెక్క

కాలువ కొలతలకి అందరూ వాడే చట్రం ఒకటుంది. డేవిడ్ మోల్డెన్, తిమోతీ గేట్స్ 1990లో ఇచ్చింది. నాలుగు విషయాలు చూడమంటారు: సరిపడా వచ్చాయా, వృథా అయ్యాయా, నమ్మకంగా వచ్చాయా, అందరికీ సమంగా వచ్చాయా. ప్రతి తూముకి రావాల్సిన నీటితో వచ్చిన నీటిని భాగించడమే మూలం. మేం వృథా సంగతి పక్కన పెట్టేశాం. చివరి తూములకి నీళ్ళే చాలని చోట దాని గురించి మాట్లాడబోతే వినేవాడుండడు.

నాలుగు తూములతో నమూనా చూపిస్తాను. రావాల్సిన దానితో పోలిస్తే వచ్చింది ఎగువ నుంచి దిగువకి వరసగా 1.3, 1.2, 0.9, 0.4 అనుకుందాం. సగటు 0.95. చట్రం ప్రకారం 0.90 దాటితే బాగున్నట్టే. ఆఫీసుకి పంపే కాగితంలో ఈ అంకె వేస్తే అందరూ సంతోషిస్తారు.

ఇక్కడ ఆ ఇద్దరు పరిశోధకులు ఒక మంచి పని చేశారు. ఒకటి దాటిన ప్రతి నిష్పత్తినీ ఒకటి దగ్గరే ఆపమన్నారు. మొదటి తూము వాడికి అదనంగా పోయిన నీళ్ళు నాలుగో తూము వాడి దాహం తీర్చవు కదా. అలా ఆపితే 1, 1, 0.9, 0.4, సగటు 0.825. "బాగుంది" కాస్తా "ఫరవాలేదు"కి దిగింది. ఇక సమానత్వం కొలిచేది తూముల మధ్య తేడా ఎంతుందన్న దాన్ని బట్టి, అంటే ప్రామాణిక విచలనాన్ని సగటుతో భాగించి. 0.10 లోపు బాగున్నట్టు, 0.25 దాటితే బాగాలేనట్టు. మన నమూనాలో అది 0.37. ఒకే కాలువ, ఒకే వారం, అవే నీళ్ళు. మూడు తీర్పులు వచ్చాయి. స్టాటిస్టిక్స్ పిల్లలకి ఇది పండగ. క్లాసులో సగటు గురించి ఎంత చెప్పినా రాని పట్టుదల వాళ్ళకి గట్టు మీద వచ్చింది.

సెప్టెంబరు చివర, రచ్చ మొదలైంది

లెక్క సంఘం సమావేశంలో పెట్టాం. లవం మీద, అంటే వచ్చిన నీళ్ళ అంకె మీద, ఎవరికీ అభ్యంతరం లేదు. నిమ్మకాయని అందరూ నమ్మారు. గొడవంతా హారం మీద, అంటే దేంతో భాగించామన్న దాని మీద. "రావాల్సిన నీళ్ళు" అని మీరు వేసిన అంకె ఎవడిచ్చాడు?

మేం లోకలైజేషన్ రికార్డు తీసుకున్నాం. ఒక ఎగువ రైతు లేచాడు. "ఆ కాగితం మా తాత నాటిది. నేనేసింది వరి. వరికెంత కావాలో అంత లెక్కెయ్యి." సరే, వేసి చూద్దాం. ఆరుతడికి కావాల్సిన దానికి రెట్టింపు వరికి కావాలనుకుంటే 1.3 ఉన్న మొదటి తూము 0.65 అయిపోతుంది. అంటే అందరికన్నా ఎక్కువ నీళ్ళు పారించుకున్న తూము ఇప్పుడు కరువు తూము.

ఇంకో పక్క చివరి తూము. కాగితం మీద దాని కింద 60 ఎకరాలు. ఏళ్ళ తరబడి నీళ్ళు రాక చాలామంది వేయడం మానేశారు, కొందరు బోరు వేసుకున్నారు, కొందరు బీడు పెట్టారు. కాలువ నీటిని నమ్మి వేసింది 24 ఎకరాలనుకుందాం. రైతు సేవా కేంద్రంలో ఈ-క్రాప్ (ఎవరు ఏ పంట వేశారన్న) నమోదు తీస్తే అలాంటి అంకెలే దొరుకుతాయి, ఎవరూ అబద్ధం చెప్పినట్టు కాదు. హారంలో 60 బదులు 24 వేస్తే 0.4 కాస్తా 1.0 అవుతుంది. అక్షరాలా నూటికి నూరు. అలసిపోయి వదిలేసినవాళ్ళు లెక్కలోంచి మాయమైతే మిగిలినవాళ్ళకి కాలువ బ్రహ్మాండంగా నడుస్తున్నట్టే.

ఈ రెండో హారం ప్రకారం మా మైనరులో అన్యాయం జరుగుతున్నది ఎగువ రైతులకి. సమావేశంలో కొందరు ఆ మాట నిజంగానే అన్నారు, నవ్వకుండా. మా బాబాయి ఏమీ అనలేదు గానీ వాళ్ళ పక్కనే కూర్చున్నాడు.

నా అభిప్రాయం అప్పుడే చెప్పాను, ఇప్పుడూ అదే: ప్రస్తుతం వేసిన పంటని హారంగా పెట్టుకుంటే ఇప్పటిదాకా జరిగిన గుంజుకోవడమంతా హక్కుగా మారిపోతుంది. బడి మానేసిన పిల్లల్ని హాజరుపట్టీలోంచి కొట్టేస్తే బడి హాజరు నూరు శాతం చూపించడం లాంటిదే ఇది. అయితే పాత కాగితమూ దేవుడు రాసింది కాదు. అప్పట్లో ఆరుతడి అని గీసిన కొన్ని చెక్కలు నీళ్ళు నిలిచే పల్లపు నేలలు, అక్కడ పత్తి వేస్తే కుళ్ళిపోతుంది. ఈ మాట ఎగువ వాళ్ళు చెప్పినప్పుడు దిగువ వాళ్ళు కూడా ఒప్పుకున్నారు. మూడో హారం కూడా ఒకటి వచ్చింది. కౌలుకి చేసే ఒకాయన ఎకరాల ఊసు మానేసి కుటుంబాల లెక్కన చూడమన్నాడు. అరెకరం వాడికి ముందు ఒక తడి, తర్వాత పెద్ద కమతాలకి. ఆయన పేరు సంఘం జాబితాలో లేదు. మాట మాత్రం మినిట్స్ పుస్తకంలో రాయించాం.

తీర్మానం ఏమీ కాలేదు. రాత్రి పది దాకా సాగి టీతో ముగిసింది.

అక్టోబరు మొదట్లో

ఆన్-ఆఫ్ పద్ధతి మొదలైంది. కొన్ని రోజులు నీళ్ళు, కొన్ని రోజులు బందు. రోజూ పొద్దున్నే గేజీలు చూసి సంఘం ఆఫీసు బయట నల్లబల్ల మీద రాస్తున్నాం. అలా రెండు విడతలు గడిచేసరికి ఒక వింత కనిపించింది. మధ్య తూముల్లో ఒకదాని గేజీ బాగా పెరిగింది, దాని కింద చేలు మాత్రం ఎండుతున్నాయి. పోయి చూస్తే గేజీకి కాస్త దిగువన బోదెలో మట్టి నింపిన గోనె సంచులు. నీటికి అడ్డం పడితే మట్టం లేస్తుంది, పారకం తగ్గుతుంది. గేజీ చూసేది మట్టాన్నే. ఆ పక్క చేనుకి నీళ్ళెక్కడానికి వేశారో, బల్ల మీద అంకె కోసం వేశారో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

బ్రిటన్ ఆర్థికవేత్త ఛార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్య విధానం గురించి చెప్పిన విషయం అందరూ ఎక్కడెక్కడో వాడుతుంటారు: కొలతని గురిగా చేసుకుంటే అది కొలతగా పనికిరాదని. మా ఊళ్ళో దానికి రెండు గోనె సంచులు సరిపోయాయి. అప్పట్నుంచి గేజీ రోజూ, నిమ్మకాయ మాత్రం చెప్పకుండా ఎప్పుడో ఒకప్పుడు. రెండిటికీ పొంతన లేని రోజు పక్కన చుక్క పెడుతున్నాం. పెద్ద తెలివేం కాదు గానీ పనిచేస్తోంది.

గొడవల సంఖ్య కూడా ఒక కొలతగా పెట్టాలని ఒక విద్యార్థి పట్టుబట్టాడు. పెట్టలేదు. గొడవల్లేని తూము అంటే సఖ్యత ఉన్న తూమైనా కావచ్చు, నోరెత్తలేని తూమైనా కావచ్చు. స్పెయిన్‌లో వాలెన్సియా రైతుల నీళ్ళ న్యాయస్థానం శతాబ్దాలుగా ప్రతి గురువారం మధ్యాహ్నం చర్చి గుమ్మం ముందు కూర్చుంటుంది, తగాదా అక్కడికక్కడే నోటిమాటగా తేలుస్తుంది. అక్కడ తగాదాలున్నాయని వ్యవస్థ చెడిందని ఎవరూ అనరు. అందుకని తగాదా వచ్చిన రోజుకీ తెగిన రోజుకీ మధ్య ఎన్నాళ్ళు పట్టిందో రాస్తున్నాం. తెగనివి చాలా ఉన్నాయి. అవి ఆ గడిలో ఖాళీగా ఉన్నాయి.

అక్టోబరు, నవంబరు: రాత్రుల లెక్క

జులైలో ఆ పెద్దాయన అన్న మాట వదల్లేదు. రాత్రి కాపలాని ఎలా కొలవాలి? ఫారం ఇస్తే ఎవరూ నింపరు. డ్వాక్రా సంఘంలో పుస్తకాలు రాసే ఒక అక్క దారి చూపింది. "గోడ క్యాలెండరు మీద పాల లెక్క రాసుకుంటాం గదా, ఆ గడిలోనే ఒక గీత పెట్టమను. ఇంట్లో ఎవరైనా నీళ్ళ కోసం రాత్రి చేలో ఉంటే గీత. మగాళ్ళని అడగొద్దు, ఆడాళ్ళకి చెప్పు." అంతే. ఎవరు ఏ రాత్రి ఇంట్లో లేరో ఆడవాళ్ళకి తెలియకుండా ఎలా ఉంటుంది?

నెలాఖరుకి పిల్లలు ఇంటింటికీ తిరిగి క్యాలెండర్లు ఫోటో తీసుకొచ్చారు. ఎగువన గీతలు అరుదు, అది ఊహించిందే. ఊహించనిది చివరి రెండు తూముల మధ్య తేడా. ఏడో తూముకీ ఎనిమిదో తూముకీ వచ్చిన నీళ్ళు దాదాపు సమానం, రెండూ తక్కువే. ఏడో తూము క్యాలెండర్ల నిండా గీతలు. ఎనిమిదో తూములో చాలా తక్కువ.

కారణం కనుక్కోడానికి అక్కడ ఒక పూట కూర్చోవాల్సొచ్చింది. ఎనిమిదో తూము వాళ్ళు నీళ్ళు కట్టడానికి ఇద్దరు మనుషుల్ని పెట్టుకున్నారు. కోతల తర్వాత ఎకరాకి ఇంతని వడ్లు కొలిచి ఇస్తారు. బోదెలోకి ఎన్ని నీళ్ళొచ్చినా వాళ్ళే చేను చేనుకి మారుస్తారు. చేనుగలవాడు మడవ (బోదె నుంచి చేనులోకి నీళ్ళు మళ్ళించే గండి) ముట్టుకోకూడదు. ఒక ఏడు పై చివర నుంచి మొదలుపెడితే మరుసటి ఏడు కింది చివర నుంచి. కాగితం లేదు, సంఘం రిజిస్టరులో ఆ ఏర్పాటు ఊసే లేదు. 1997లో రైతుల సాగునీటి వ్యవస్థల నిర్వహణ చట్టం వచ్చి సంఘాలు పుట్టకముందు నుంచీ ఉందట. ఏడో తూములో అలాంటిది నిలవలేదు. రెండు వర్గాలు, ఎవరి మనిషిని పెట్టాలన్న దగ్గరే ఆగిపోయింది.

రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు కర్నూలు ప్రాంతపు కాలువ గ్రామాల్లో తిరిగి 1988లో ప్రచురించిన పనిలో ఇలాంటి ఏర్పాట్లే కనిపిస్తాయి. ఊరుమ్మడి నీళ్ళ మనుషులు, చేల కాపలాదార్లు, కోసిన చేలల్లో గొర్రెల మేత హక్కు వేలం వేసి కూడబెట్టిన ఊరి నిధి. అవన్నీ ఎగువ ఊళ్ళలో కన్నా కాలువ చివరి ఊళ్ళలో ఎక్కువ. నీళ్ళు పుష్కలంగా ఉన్నవాడికి పొరుగువాడితో ఒప్పందం అక్కర్లేదు. ఆ పని సంగతి తెలిసినా, మా మైనరు చివర అది బతికే ఉందని నాకు తెలియదు, అదీ నాలుగు ఫర్లాంగుల దూరంలో.

మా కొలతల సంగతి చూడండి. క్యూసెక్కుల పట్టికలో ఏడూ ఎనిమిదీ ఒకే మార్కు తెచ్చుకున్నాయి. రాత్రుల పట్టికలో ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. నీళ్ళని కొలిస్తే కాలువ గురించి తెలుస్తుంది, అదే నీటికి మనుషులు ఎంత నిద్ర చెల్లిస్తున్నారో కొలిస్తే ఆ తూము కింద జనం గురించి తెలుస్తుంది. నమ్మకంగా రావడం అన్న దానికి మోల్డెన్, గేట్స్ చట్రంలో సూత్రం ఉంది, కాలంతో పాటు నిష్పత్తి ఎంత మారిందో చూడమని. అదీ వేశాం. రెండు తూములకీ దగ్గర దగ్గరగానే వచ్చింది. ఆ సూత్రం బోదె తల దగ్గర ఆగిపోతుంది, మడవ దాకా రాదు.

డిసెంబరు, కోతలకి ముందు

హారం గొడవ మళ్ళీ సమావేశానికి వచ్చింది. ఈసారి ఒక దారి దొరికింది, పూర్తి పరిష్కారం అనను. పట్టికలో రెండు నిలువు గడులు పక్కపక్కనే: ఒకటి రికార్డు ప్రకారం రావాల్సినవి, రెండోది వేసిన పంట ప్రకారం కావాల్సినవి. ఏ ఒక్కటీ విడిగా ఎవరికీ ఇవ్వకూడదు. వేయకుండా వదిలేసిన ఎకరాలు మూడో గడిలో, కారణంతో సహా: నీళ్ళు రాక, బోరు వేసి, కౌలుదారు దొరక్క, ఇలా. నాలుగోది రాత్రులు. పల్లపు చెక్కల జాబితాకి ఇద్దరు ఎగువ, ఇద్దరు దిగువ రైతులు కలిసి నడిచి గుర్తు పెట్టాలి. ఆ నడక ఇంకా జరగలేదు.

ఏఈ గారికి నాలుగు గడులు నచ్చలేదు. పై ఆఫీసు ఒక్క అంకె అడుగుతుంది, నాలుగు పంపితే ఏది తీసుకోవాలంటారు. ఆయన ఇబ్బంది నిజమే. ఒక్క అంకె తప్పనిసరైతే ఏది పంపాలని సంఘాన్ని అడిగితే, చివరి తూము నిష్పత్తి పంపమని దిగువ వాళ్ళు, మైనరు సగటు పంపమని ఎగువ వాళ్ళు. నేను చివరి తూము వైపు చెయ్యెత్తాను. బాబాయి నన్ను చూశాడు గానీ ఇంటికొచ్చాక కూడా ఏమీ అనలేదు. ఓట్లు చాలక అది వీగిపోయింది. సగటే వెళ్ళింది, ఒకటి దగ్గర ఆపి వేసిన సగటు. ఆపకుండా వేసింది పంపుదామన్నవాళ్ళూ ఉన్నారు, వాళ్ళకీ ఓట్లు చాల్లేదు.

రబీకి మిగిలిన పనులు: మేజరు మీద మా మైనరుకి ఎగువన తిరుగుతున్న ఆయిల్ ఇంజన్లు, మోటార్లు మా పట్టికలో ఎక్కడా లేవు, వాటి గంటలు రాయడానికి పై ఊరి వాళ్ళలో ఎవరైనా ఒప్పుకుంటారేమో చూడాలి. గేజీలకి మళ్ళీ పెయింటు. ఏడో తూము వాళ్ళలో ఒక వర్గం, నీళ్ళు కట్టే మనిషిని ఎనిమిదో తూము వాళ్ళతో కలిపి పెట్టుకుందామా అని అడుగుతోంది. రెండో వర్గం ఎకరాకి ఎన్ని వడ్లు అవుతాయో లెక్క వేసి ఇమ్మంది. ఆ లెక్క ఈ వారం వేసి ఇవ్వాలి.